గాబరాకు మందుంది, తెచ్చుకోవడానికి సెలవే లేదు

అరసవల్లిలో ఆదివారం తెల్లారేసరికే జనం బారులు తీరతారు. ఆరోగ్యం ఇచ్చేవాడు సూర్యనారాయణుడని మన నమ్మకం. పైగా చాలామందికి పనికి సెలవు దొరికేది ఆ ఒక్క రోజే. ప్రభుత్వాసుపత్రి ఓపీకి కూడా అదే రోజు సెలవు. ఈ చిన్న విషయం దగ్గరే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంతోమంది వైద్యం ఆగిపోతోందని నా నమ్మకం.

నేను పదేళ్లుగా గాబరా జబ్బుతో, అంటే డాక్టర్లు యాంగ్జైటీ అనే దానితో, ఉద్యోగం చేస్తున్నాను. మొదటిసారి అది వచ్చింది విజయనగరం నుంచి పైడిభీమవరం వెళ్లే కంపెనీ బస్సులో. నాతవలస దగ్గర హైవే ఎక్కగానే చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, ఇక పోతున్నాననే అనుకున్నాను. గుండెపోటేమోనని తోటివాళ్లు ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ బాగానే ఉంది. రెండు నెలల్లో మూడుసార్లు ఇదే తంతు. పరీక్షలకు దాదాపు నెల జీతం పోయింది. నరాల బలహీనత అన్నారు, బలానికి ఇంజెక్షన్లు చేశారు, ఒకరు సెలైన్ కూడా ఎక్కించారు. దిష్టి తగిలిందని మా అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. జబ్బు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

గుబులు వేరు, గాబరా వేరు. కొడుకు ఫోన్ చెయ్యకపోతే గుబులు, చేస్తే పోతుంది. గాబరాకు కారణంతో పని లేదు. కారణం దొరికితే మాత్రం పట్టుకుని వేలాడుతుంది. మన దగ్గర దానికి దొరికే కారణం ఎక్కువగా డబ్బే.

నా విషయంలో జరిగిందిది. నాగా పడ్డ రోజులకు జీతం కోశారు. ఆ లోటు పూడ్చడానికి చేబదులు, తర్వాత మూడు రూపాయల వడ్డీకి అప్పు. నూటికి నెలకు మూడంటే వినడానికి చిన్నమాట, ఏడాదికి ముప్ఫై ఆరు. ఫోన్ మోగితే ఒళ్లు చెమట పట్టేది. ఎత్తకుండా పక్కన పెడితే ఆ క్షణానికి ప్రాణం కుదుటపడేది. ఆ క్షణం కుదుటపడటమే అసలు ఉచ్చు. తప్పించుకున్న ప్రతిసారీ 'తప్పించుకోబట్టే బతికాను' అని మనసు నేర్చుకుంటుంది. మర్నాడు అదే ఫోన్ రెండింతలు భయపెడుతుంది. బ్యాంకు మెసేజీలు చదవడం మానేశాను, చిట్టీ లెక్క అడగడం మానేశాను, చివరికి జీతం పడిందో లేదో చూసుకోవడం కూడా మానేశాను. బయటికి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. 'అప్పు చేసి మొహం చాటేశాడు' అనేస్తారు. గాబరా ఉన్నవాడు లెక్క చూడకపోవడం జబ్బు లక్షణం, దాన్ని గుణంతో ముడిపెట్టకూడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ భయాలన్నీ ఉత్తివి కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరీ జీడీ తోటలు నేలమట్టమైన రైతుకు 'ఆలోచించకు, అంతా మంచే జరుగుతుంది' అని ఎవరు చెప్పగలరు? కొబ్బరి మొక్క కాపుకొచ్చేలోగా అప్పు రెండుసార్లు తిరగరాయించుకోవాలి. పలాసలో జీడిపప్పు పని చేసే ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి. చేతులు వణికిన రోజున తగ్గేది ఆ కూలే. అప్పు నిజం, తుఫాను నిజం. రాత్రి రెండు గంటలకు అప్పు తలలో పెరిగి ఎంత అవుతుందో, అది మాత్రం నిజం కాదు. వైద్యం పని చేసేది ఆ తేడా మీదే.

వైద్యం గురించి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఈ జబ్బుకు సాధారణంగా రాసే మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కొందరికి గాబరా కాస్త పెరిగినట్టే ఉంటుంది. అది తెలియక వారం తిరక్కుండా మానేసేవాళ్లు ఎందరో. మానేసి, వెంటనే మత్తుగా నిద్రపట్టించే బిళ్ల ఏ చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చుకుంటారు. అది కాసేపట్లోనే హాయినిస్తుంది, కొన్ని వారాల్లోనే అలవాటై కూర్చోవచ్చు. సరైన మందును డాక్టరు చెప్పకుండా ఠక్కున ఆపినా ఇబ్బందే. అంటే మళ్లీ మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్ల పైమాటే. మందు ఉచితంగా ఇచ్చినా బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి కలిపితే రోజుకూలీకి అది ఉచితం ఎలా అవుతుంది? 2025-26లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. ఆ లెక్కతో చూడండి.

ఫ్యాక్టరీ కార్మికుడికి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంది కదా అంటారు. నెల జీతం 21,000 లోపు ఉంటే వర్తిస్తుంది, డాక్టరు ధ్రువీకరిస్తే జబ్బు రోజులకు 70 శాతం వేతనం ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. కానీ మామూలుగా మొదటి రెండు రోజులకు ఇవ్వరు. గాబరా మనిషిని నెల తరబడి మంచాన పడెయ్యదు, ఇవాళ ఒక రోజు, పది రోజులు పోయాక ఇంకో రోజు మింగుతుంది. ఆ ఏర్పాటు మంచానపడ్డ రోగిని దృష్టిలో పెట్టుకుని చేసింది. మా బోటివాళ్ల జబ్బు దాని వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

చట్టం మాత్రం మనవైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలంది, బీమా కంపెనీలు కూడా అలాగే కవర్ చెయ్యాలంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంది. అందుకే సూపర్‌వైజరుకు జబ్బు పేరు చెప్పి తీరాలన్న నియమం లేదు. 'వైద్యంలో ఉన్నాను, రెండు నెలలు నైట్ షిఫ్ట్ వద్దు' అని అడిగితే చాలు. నేను అలాగే అడిగాను. ఒకసారి కాదన్నారు, రెండోసారి ఒప్పుకున్నారు. అప్పుల వసూలుకూ హద్దుంది. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు ఆదేశం ప్రకారం బ్యాంకుల, ఫైనాన్సు సంస్థల వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. ఊళ్లో వడ్డీ వ్యాపారికి ఈ ఆదేశం పట్టదు, అదే మన కష్టం.

నాకు ఊరటనిచ్చిన పని ఒకటి చెబుతాను. మా బావగారి ఎదురుగా కూర్చుని అప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాశాను. చేతులు వణికాయి, మధ్యలో రెండుసార్లు లేచిపోయాను, ఆయన టీ తాగుతూ కూర్చున్నారు. తలలో లక్షలున్న అప్పు కాగితం మీద అరవై ఎనిమిది వేలు. అప్పటినుంచి అప్పులవాళ్ల ఫోన్లు ఆరు నెలలు ఆయనే ఎత్తారు. ఎవరూ లేనివాళ్లకు, రాత్రి ఒంటరిగా బతుకు మీదే విరక్తి పుట్టినవాళ్లకు, ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోన్ లైన్ టెలి మానస్ 14416 ఉంది. ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. ఫోనులో మాట సాంత్వన ఇస్తుంది, నెల నెలా చూసి మందు సరిచేసే డాక్టరుకు మాత్రం అది బదులు కాదు.

అందుకే అడుగుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా మానసిక వైద్యుల ఓపీ తెరవండి. డ్యూటీ చేసిన డాక్టరుకు మారు సెలవివ్వండి. మిగతా ఆదివారాల్లో పలాస, రాజాం, బొబ్బిలి లాంటి చోట్లకు ఒక డాక్టరును, మందుల పెట్టెను పంపండి. కొత్త భవనం అక్కర్లేదు. అరసవల్లికి ఎలాగూ వచ్చే మనిషి, అక్కడి నుంచి ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లి, సోమవారం ఉదయం షిఫ్టు బస్సు అందుకుంటాడు.