కుళ్లాయప్పను ఏ వరుసలో నిలబెడతారు?

మళ్లీ అదే మాట. తిరునాళ్లలో అంగడి పెట్టుకునేవాడి సరుకు కాదు, పేరు చూడాలట. ముస్లిం పేరైతే గుడి దగ్గర అంగడి పెట్టనివ్వకూడదట. ఫోన్లలో తిరిగే ఈ సందేశాలు కర్నూలు, కడప, అనంతపురంలో టీ అంగళ్ల దగ్గర మామూలు కబుర్లయిపోయాయి. మామూలైపోవడమే మా భయం.

శ్రీశైలం దుకాణాల సంగతి పాఠకులకు తెలిసిందే. హిందువులు కానివారిని దేవస్థానం దుకాణాల వేలానికి దూరం పెడుతూ 2015 నవంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2019లో హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తీర్పుపై స్టే ఇచ్చిన సుప్రీంకోర్టు, మతం చూసి ఎవరినీ వేలం నుంచి తప్పించవద్దని 2021 డిసెంబరులో స్పష్టం చేసింది. గుడి దగ్గర మద్యం వద్దంటే సరే, పూలు, పిల్లల బొమ్మలు అమ్ముకునేవాణ్ని కూడా ఆపడమేమిటని ధర్మాసనం అడిగింది. ఏళ్ల తరబడి అక్కడే బతికినవాళ్లు ఈ మాట కోసం ఢిల్లీదాకా పోవాల్సి వచ్చింది.

క్షేత్ర పవిత్రత కాపాడాలనే వాదన ఉంది. ఉండనీ. అమ్మే సరుకుకు నియమం పెట్టండి, శుభ్రతకు పెట్టండి, ధరలకు పెట్టండి. (యాత్రికుణ్ని పిండే ధరల గురించి మాత్రం ఏ సందేశమూ తిరగదు.) పేరుకు మాత్రం పెట్టకండి.

అసలు మన సీమలో పేరు విని మతం తేల్చగల మొనగాడెవరు? అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో పీరుగా కొలువైన కుళ్లాయిస్వామికి మొక్కుకుని, పుట్టిన బిడ్డకు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పెట్టుకున్న హిందువుల ఇళ్లెన్ని! హుసేనప్ప, మస్తానమ్మ, ఫక్కీరప్ప కూడా అంతే. మొహరంలో పీర్లు ఎత్తే భుజాలను, నిప్పుల గుండం చుట్టూ ఆడే కాళ్లను ఎవరివని లెక్క తీస్తారు? ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో వస్తాయి. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, వెంకన్న మా అల్లుడు అంటారు. అల్లుడింటికి వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి ఆధార్ కార్డు అడుగుతారా? కడప పెద్దదర్గా ఉరుసుకు పోయే హిందువులను అటువైపు గుమ్మంలో ఎవరైనా అడిగితే ఊరుకుంటారా?

వీళ్లెవరూ సామరస్య సదస్సులకు పోయినవాళ్లు కారు. కంతుల మీద చీరలు తీసుకున్నారు, పంక్చర్ వేయించుకున్నారు, గాజులు తొడిగించుకున్నారు, బేరం దగ్గర తిట్టుకున్నారు, మళ్లీ ఏడాది అదే అంగడికి వచ్చారు. మనకు ఒకరి పండుగ ఇంకొకరికి తెలిసింది అలాగే. ఆ అంగడి లేచిపోతే పలకరింపు కూడా లేచిపోతుంది.

ఈరోజు గుడి ముందు అడుగుతారు. రేపు వారపు సంతలో అడుగుతారు. అద్దె ఇళ్ల దగ్గర ఇప్పటికే అడుగుతున్నారు. పేరు వినగానే ‘ఇల్లు మా బంధువులకు ఇచ్చేశాం’ అంటున్నారు. పేరు తర్వాత అడిగేది కులమే. ఆ అడగడం మనకు కొత్తా? ఈ సందేశాలకు చప్పట్లు కొడుతున్నవాళ్లలో చాలామంది తాతలను ఒకప్పుడు ఇవే గుమ్మాల బయట నిలబెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి.

ఓట్లప్పుడు పొద్దున గుడిలో పూర్ణకుంభం, సాయంత్రం దర్గాలో చాదర్ పట్టుకుని తిరిగిన నాయకులు ఇప్పుడు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టున్నారు. అధికారులదీ అదే వరస. సుప్రీంకోర్టు మాట కాగితం మీదుంది. ప్రతి వేలం ప్రకటనలో దాన్ని ఒక్క వాక్యంగా రాయించడానికి ఎవరి అనుమతి కోసం చూస్తున్నారు? గొడవయ్యాక పోలీసులను దింపి, శాంతి కమిటీ వేసి, అందరూ వరుసగా నిలబడి ఫొటో దిగడం మీకు అలవాటే. ఈసారి ఆ ఫొటో మాకు పంపకండి.