రష్యా జనవరి సెలవుల వారికి ఒక మహజరు

మహారాజశ్రీ జనవరి సెలవుల వారి సముఖానికి,

కజాన్‌లో వైద్యం చదువుతున్న ఒక గుంటూరు కుర్రాడు నమస్కరించి రాసుకునే విన్నపం.

డిసెంబరు 20 దాటాక ఇక్కడ ఏ ఆఫీసుకెళ్ళినా మీ పేరే చెబుతున్నారు. హాస్టల్ కాగితం, డీన్ ఆఫీసు సంతకం, కారుతున్న రేడియేటరు, అన్నింటికీ ఒకటే జవాబు: "పండగలయ్యాక చూద్దాం." మన ఆఫీసుల్లో "రేపు రా" అంటారు. పోనీ, తెల్లారితే ఆ రేపన్నా వస్తుంది.

కార్మిక చట్టం మీకు రాసిచ్చింది జనవరి 1 నుంచి 8 దాకా. అందులో 7, ఇక్కడి చర్చి పాత క్యాలెండరు లెక్కన, క్రిస్మస్‌ది. మధ్యలో శని, ఆదివారాలు పడి మీ రోజులు తగ్గితే, వాటినీ వదలకుండా మే నెలకో డిసెంబరుకో మార్పించుకుంటారు. 2024 డిసెంబరు 28 శనివారం నాడు దేశమంతా ఆవలిస్తూ పనిచేసింది. ఎందుకంటే 30వ తేదీ సోమవారం మీకు సమర్పించుకోవాలి కాబట్టి.

ఇక మీ గృహప్రవేశం. పదకొండు టైమ్ జోన్ల దేశం కదా, తూర్పు చివర కమ్చత్కాలో మొదలై పడమటి చివర కలినిన్‌గ్రాద్ దాకా పదకొండుసార్లు అడుగుపెడతారు. టీవీలో అధ్యక్షుడి ప్రసంగం అయ్యీ అవగానే క్రెమ్లిన్ గడియారం పన్నెండు కొడుతుంది. ఆ పన్నెండు గంటలూ కొట్టడం అయ్యేలోపు కాగితమ్ముక్క మీద కోరిక రాసి, కాల్చి, బూడిద షాంపేన్‌లో కలిపి తాగాలి. రష్యన్ లిపిలో నా కోరిక మూడో అక్షరం దాటేసరికి గంటలైపోయాయి. పక్కవాడి లైటరు నా చొక్కా చేతిదాకా వచ్చింది.

బల్లమీద ఒలివియే సలాడ్. 1860లలో మాస్కో రెస్టారెంట్‌లో పుట్టినప్పుడు అందులో వేటపిట్టల మాంసం ఉండేదట. ఇప్పుడు సాసేజీ, ఆలుగడ్డ, డబ్బా బఠాణీ, వాటిని కప్పేసిన మయొనెజ్. చర్చి లెక్కన అప్పటికింకా మాంసం ముట్టకూడని క్రిస్మస్ ముందరి ఉపవాసాలే. మరి ఇదేంటి బామ్మా అని మా హాస్టల్ గేటు దగ్గర కూర్చునే పెద్దావిడను అడిగాను. "సాసేజీలో మాంసం ఎక్కడుంది నాయనా" అంది, రెండోసారి వడ్డించుకుంటూ.

ఊళ్ళో అన్నీ మూసేశారు కదా, మాస్కో వెళ్దామనుకున్నాను. బయల్దేరేముందు అందరూ కాసేపు కూర్చోవాలని నా రూమ్మేటు ఆచారం. రైలు టైమైపోతోంది, టెన్షన్‌తో నాకు చెమటలు, వాడు మాత్రం సూట్‌కేసు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. దొరికింది ప్లాత్స్‌కార్త్: తలుపుల్లేని బోగీ, 54 బెర్తులు. నాది 38, అంటే టాయిలెట్ పక్కన సైడ్ అప్పర్. మీరున్నన్నాళ్ళూ అంతకంటే మంచిది ఖాళీ ఉండదు. బయట గడ్డకట్టే చలి, లోపల జనం బనియన్లు, స్లిప్పర్లతో. కింది బెర్తు ఆంటీ ఫాయిల్ విప్పి కోడి, ఉడకబెట్టిన గుడ్లు, ఊరేసిన దోసకాయలు పరిచి విచారణ మొదలెట్టింది: పెళ్ళయిందా, నాన్న ఏం చేస్తారు, టోపీ ఎందుకు పెట్టుకోలేదు. ఈ ప్రశ్నలు తప్పించుకుందామనే ఇంత దూరం వచ్చి చదువుతున్నానని చెప్పేంత రష్యన్ నాకు రాదు. కోడికాలు మాత్రం తీసుకున్నాను.

అన్నీ భరిస్తాను గానీ, మీరు అటు వెళ్ళగానే ఇటు పరీక్షలు పెట్టించడం ఏం న్యాయం? పది రోజులు తినిపించి తినిపించి అనాటమీ అడిగితే ఏం చెబుతాం?

మీరు కూడా పూర్తిగా వెళ్ళరు. 1918లో ప్రభుత్వం జనవరి 31 మర్నాడే ఫిబ్రవరి 14 అని క్యాలెండరు మార్చింది. పాత లెక్క వదులుకోలేని జనం జనవరి 13 రాత్రి మళ్ళీ కొత్త సంవత్సరం అంటూ గ్లాసులెత్తుతారు. సరిగ్గా అవే రోజుల్లో మాకు భోగి, సంక్రాంతి. మాకు మాత్రం ఆ పూట వైవా.

కాబట్టి నా విన్నపం ఇది. సెలవులు అటూ ఇటూ మార్చడం మీకు ఏటా అలవాటే. మీ వాటాలోంచి ఒక్క రోజు, ఏ 4నో 5నో తీసి, మా సంక్రాంతికి బదిలీ చేయించండి. భోగిమంటకు కర్రలడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టం. అప్పటికి మీ పండగ చెట్లన్నీ చెత్తకుండీల పక్కకు చేరడం మొదలెడతాయి.

ఇట్లు,
38వ బెర్తు