తలంబ్రాలు ఏ కేసు కిందికి వస్తాయి?

కదిలేవాటిని తీసిన ఫొటో మసగ్గా వస్తే తప్పంతా కెమెరా మీదో, కెమెరామన్ మీదో వేసేయడం మనకు అలవాటైపోయింది. ఇది అన్యాయం. అసలు దోషులు కదిలేవాళ్లు. ఎలా కదలాలో కంపెనీలు పుస్తకాలు అచ్చువేసి మరీ చెప్పాయి. ఒక్క పెళ్లికూతురైనా చదివిందా?

2012లో కెనాన్ ఫైవ్‌డీ మార్క్ త్రీ వచ్చింది. మన కల్యాణమండపాల్లో ఏళ్ల తరబడి కనిపించిన కెమెరా. 61 ఫోకస్ పాయింట్లు. లోకంలో ఉన్న కదలికలన్నిటినీ, ఏ కదలిక వెంట ఫోకస్ ఎలా పరుగెత్తాలో చెబుతూ, దాని మెనూలో ఆరు కేసులుగా తేల్చిపెట్టారు. ఒకటోది సర్వసాధారణం. రెండోది మధ్యలో ఎవరు అడ్డొచ్చినా లెక్కచేయకుండా వెంటాడేది, టెన్నిస్‌కూ బటర్‌ఫ్లై ఈతకూ పనికొస్తుందట. మూడోది హఠాత్తుగా ఎదుట పడ్డవాడికి దాసోహమనేది. వేగం పెంచి తగ్గించే ఫుట్‌బాల్ ఆటగాళ్లకు నాలుగోది, ఎటుపడితే అటు తిరిగే ఫిగర్ స్కేటింగ్‌కు ఐదోది. ఈ రెండు గుణాలూ కలిసినవాళ్లకు ఆరోది, అంటే రిథమిక్ జిమ్నాస్టిక్స్‌కు. ఇవన్నీ ఏఐ సర్వోలో, అంటే కదిలేవాళ్ల వెంట ఫోకస్ కూడా మారుతూ పోయే పద్ధతిలో, ఉంటేనే నడుస్తాయి. ఫోకస్ ఒక్కసారి కుదిరి అక్కడే ఆగిపోయే వన్‌షాట్‌లో మరిచిపోయి వదిలేస్తే ఆరు కేసులూ కొట్టివేత.

ఎంతో సమగ్రమైన విభజన. కాదనను. ఇక పీటల దగ్గరికి వద్దాం.

మొదటి మూడు దోసిళ్లూ పురోహితుడు చెప్పినట్టే, మర్యాదగా. ఆ తర్వాత అంతదాకా తలవంచుకు కూర్చున్న అమ్మాయి ఒక్కసారిగా పళ్లెం లాక్కుంటుంది. ఇది నాలుగో కేసు. చేతులు ముఖాలకు అడ్డం వస్తాయి, రెండో కేసు. పసుపు బియ్యం, ముత్యాలు, ఈమధ్య వచ్చిన థర్మోకోల్ గుళ్లు ఎవరి దారిన అవి ఎగురుతాయి, ఐదో కేసు. సరిగ్గా అప్పుడే మేనమామ ఫోన్ పట్టుకుని మధ్యలో దూరతాడు, మూడో కేసు. కాపురం మొదలవకముందే ఒక జంట మీద ఇన్ని కేసులా!

ట్రాకింగ్ సెన్సిటివిటీ అనే అంకె ఉన్నది ఈ మేనమామ కోసమే. మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా ఉంటుంది. మైనస్ వైపు జరిపితే ఆయన వచ్చి వెళ్లేదాకా ఫోకస్ కాసేపు పెళ్లికూతురినే నమ్ముకుని ఉంటుంది. ప్లస్ వైపు జరిపితే ఆయన చొక్కా గుండీ దారాలతో సహా వస్తుంది. నా సిఫార్సు ఏమిటంటే, వరసకు మేనమామైతే మైనస్ 2, సొంత మేనమామైతే సున్నా, చదివింపులు ఘనంగా ఇచ్చినవాడైతే నిస్సంకోచంగా ప్లస్ 2.

కొందరు చాదస్తులు మాత్రం, సర్వోలో పెట్టి ఒకటో కేసులోనే వదిలేసి, షట్టర్ వేగాన్ని సెకనులో 500వ వంతుకు పెంచితే చాలావరకు సరిపోతుందంటారు. సెకనులో 60వ వంతు దగ్గర తీస్తే ఏ కేసు పెట్టినా ఎగిరే బియ్యపుగింజ గీతగానే పడుతుందట. పెళ్లికూతురి ముక్కుపుడక స్పష్టంగా ఉండి చేతులు మాత్రమే చెదిరితే తప్పు షట్టరుది. పెళ్లికూతురు మొత్తం మసకబారి, వెనక కూర్చున్న పిన్నిగారి జూకాలు మిలమిలలాడితే తప్పు ఫోకసుది. ఇలా మెనూ తెరవకుండానే ఫొటో చూసి తీర్పు చెప్పేవాళ్లను ఏ కంపెనీ అయినా ఎందుకు భరించాలి?

నికాన్‌వారిది మరో ధర్మసంకటం. కంటిన్యువస్ ఫోకస్‌కు, అంటే వాళ్ల సర్వోకు, వాళ్లు మామూలుగా పెట్టి పంపేది రిలీజ్ ప్రయారిటీ. ఫోకస్ కుదిరిందో లేదో చూడదు, నొక్కితే తీస్తుంది. ఫోకస్ ప్రయారిటీకి మారిస్తే కుదిరేదాకా తీయదు. మొదటి పద్ధతిలో మూడుముళ్లు మసగ్గా దొరకవచ్చు. రెండో పద్ధతిలో మూడో ముడి మాత్రమే దొరకవచ్చు.

ఇప్పుడొచ్చే కెమెరాలు మనిషిని తామే గుర్తుపడతాయి కాబట్టి గొడవే లేదనుకుంటే పొరపాటు. 2021 నాటి నికాన్ జెడ్ 9 గుర్తించే జాబితాలో మనుషులు, కుక్కలు, పిల్లులు, పక్షులు, సైకిళ్లు, మోటారుసైకిళ్లు, కార్లు, రైళ్లు, విమానాలు ఉన్నాయి. ఒంగోలు గిత్త పేరు లేదు. 2022లో సోనీ ఏ7ఆర్ ఫైవ్ పురుగులకు కూడా చోటిచ్చింది. పందెం కోడికి పక్షుల పద్దులో దారి దొరికినట్టే. పెళ్లికూతురు మనుషుల పద్దులో నిక్షేపంగా ఉంది. చిక్కల్లా ఆమె చుట్టూ మూగినవాళ్లంతా కూడా అదే పద్దులో ఉండటం.

కాబట్టి సంస్కరణ ఇటువైపు నుంచే రావాలి. పెళ్లిచూపుల్లో పాట వచ్చా అని అడగడం మాని, అమ్మాయి ఏ కేసో కనుక్కోవాలి. శుభలేఖలో సుముహూర్తం పక్కనే కేసు నంబరు అచ్చువేయాలి. ఒక కేసులోంచి మరో కేసులోకి మారేముందు వధూవరులు చేతులెత్తి కాసేపు కదలకుండా కూర్చోవాలి. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదని పురోహితులు అభ్యంతరం చెబుతారు, తెలుసు. అందుకే నేరుగా పంచాంగకర్తలతోనే మాట్లాడాలంటున్నాను. వచ్చే ఉగాది నుంచి వర్జ్యం, దుర్ముహూర్తం పక్కన మెనూకాలం అని ఇంకో గడి గీస్తే పోయేదేముంది? మేనమామలను ఆ కాసేపూ భోజనాల దగ్గరికి పంపించవచ్చు.