షుగర్ వచ్చాక గుర్తొచ్చే గ్రౌండ్

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున ఐదున్నరకే జనం మొదలవుతారు. మఫ్లర్ చుట్టుకున్న రిటైర్డ్ సార్లు, చీర మీద స్వెటర్ వేసుకుని కాళ్లకు బూట్లు తొడుక్కున్న అమ్మలు, బ్యాంకుకు పోయేలోపు నాలుగు రౌండ్లు కొట్టాలని చూసేవాళ్లు. పలకరింపు కూడా ఒక్క తీరుగానే ఉంటుంది. "తినకముందు ఎంతుంది అన్నా?" "నూట నలభై." "తిన్నంక?" మహబూబ్‌నగర్‌లో స్టేడియం వైపు పోయినా ఇవే మాటలు. వీళ్లలో కొంతమందిని ఆపి, డాక్టర్ చెప్పకముందు మీరు చివరిసారి ఎప్పుడు పరుగెత్తారని అడిగాను. కాసేపు ఆలోచించి దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు. తొమ్మిదో తరగతిలో.

పదిలో గేమ్స్ పీరియడ్ ఉండదు మరి. టైంటేబుల్ మీద ఉంటుంది. ఆ గంటకు లెక్కల సారో, సైన్సు సారో వచ్చి నిలబడతారు. దసరా సెలవులు అయిపోగానే పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒక స్పెషల్ క్లాసు. నేను చదివిన బడిలో వాలీబాల్ నెట్టును పదో తరగతి పిల్లలకు కనపడకుండా ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక తీస్తామన్నారు. అవి అయ్యేసరికి మేం ఆ బడి పిల్లలమే కాము. ఆ నెట్టు మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. పదిహేనేళ్ల పిల్లల దగ్గర నుంచి ఆట గంటను లాక్కునే హక్కు బడికి లేదు, తల్లిదండ్రులకూ లేదు.

ఆట మీద మనకు ఇష్టం లేదని ఎవరూ అనలేరు. 2025 ఆగస్టు 4న ఓవల్ టెస్టులో సిరాజ్ చివరి వికెట్ తీసి భారత్‌ను 6 పరుగుల తేడాతో గెలిపించినప్పుడు మా వీధి చాయ్ హోటల్లో గ్లాసులు పక్కన పెట్టి మరీ అరిచారు. ఇంగ్లండ్‌తో ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీసిన ఆ పిల్లగాడు హైదరాబాద్‌లో ఒక ఆటో డ్రైవర్ కొడుకు. టెన్నిస్ బాల్‌తో గల్లీల్లో, ఖాళీ జాగాల్లో ఆడి పైకొచ్చాడు. ఆ చాయ్ హోటల్లో అరిచిన తండ్రులే ఇంటికి పోయి, బ్యాటు పట్టుకున్న కొడుకును "పది రాయాల్సినోనివి, బుద్ధి లేదా" అంటారు. వాళ్లది చెడ్డ మనసని నేననను. ఆట అంటే టీవీలోనో ఫోన్లోనో చూసేదనే అలవాటు బలంగా పడిపోయింది.

కాగితాల మీద ఏ లోటూ లేదు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, తరగతికి కావలసిన ఆట సామాను ఇవ్వాలని 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టారు. నేను తిరిగిన ఊళ్లలో చాలాచోట్ల బోర్డు, రెండు ఇనుప కమ్మీలు, మోకాలెత్తు గడ్డి మిగిలాయి. ఊరి నుంచి కిలోమీటరు అవతల గుట్ట పక్కన జాగా ఇస్తే సాయంత్రం ఆరింటికి ఆడపిల్లను ఎవరు పంపుతారు?

మార్కులు వస్తేనే బతుకు, ఆట అన్నం పెట్టదు అని తల్లిదండ్రులు అంటారు. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయి మట్టి మోసిన తండ్రి ఆ మాట అంటే నేను తల వంచుకుని వింటాను. ఆయన భయం నిజం. కానీ రోజుకు నలభై నిమిషాలు ఆడితే మార్కులు పోతాయన్నది మాత్రం రుజువు లేని నమ్మకం. గురుకులాల్లో సాయంత్రం ఆట గంట ఉంటుంది, అక్కడి పిల్లలు పది పాసవుతూనే ఉన్నారు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ప్రభుత్వ గురుకుల విద్యార్థినే.

అయినా నేను మెడల్స్ కోసం అడగడం లేదు. వందమందిలో ఒక్కరు కూడా రాష్ట్ర జట్టుకు ఆడకపోవచ్చు. కండరం పనిచేసినప్పుడు నెత్తురులోని చక్కెరను వాడుకుంటుంది. మన డాక్టర్లు నలభై ఐదేళ్లకు నడవమని చెప్పేది అందుకే. ఎముక ఎక్కువగా గట్టిపడేది ఎదిగే వయసులో, అదీ దూకి, ఉరికి, బరువు పడితే ఇంకా బాగా. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల వరకు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పదో తరగతి పిల్లలు పొద్దున ఎనిమిదికి బెంచీ మీద కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేస్తున్నారు. ఇంటికొచ్చాక ట్యూషను, ఆ తర్వాత ఫోను. చిర్రగోనె (గిల్లీదండ) అంటే ఏందని మా మేనకోడలు అడిగింది. చెప్పడానికి కర్ర ముక్క దొరికింది, ఆడి చూపడానికి జాగా దొరకలేదు.

ఎముక మాట వచ్చింది కాబట్టి నల్లగొండవాడిగా ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఒక తరం మొత్తం పరుగెత్తకుండానే పెరిగింది. రాళ్లలోంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని కాళ్లు వంకర పోయాయి, నడుములు బిగుసుకున్నాయి, పళ్లు గారపట్టాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు. ఎంత బాధపడితే ఒక జిల్లా పేరు అట్లా పుస్తకాలకు ఎక్కుతుంది? ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం జనం ఏళ్లకేళ్లు కొట్లాడారు. ఆ తర్వాతే కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. ఇప్పుడు పుట్టి పెరుగుతున్న పిల్లల కాళ్లు తిన్నగా ఉన్నాయి. అంత కొట్లాడి తెచ్చుకున్న కాళ్లను మనం ఏం చేస్తున్నాం? బెంచీ కింద మడిచి పెడుతున్నాం.

జిల్లా విద్యాధికారులను అడిగేది ఒక్కటే. వచ్చే జూన్ నుంచి పదో తరగతి గేమ్స్ పీరియడ్‌లో ఇంకో సబ్జెక్టు చెప్పకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. తనిఖీకి పోయినప్పుడు లెక్కల నోట్సుతో పాటు ఆ గంటలో గ్రౌండ్‌ను కూడా చూడండి. పీఈటీ లేని బడిలో ఆటలంటే ఇష్టమున్న ఏ టీచరైనా సరే, ఒక బంతి ఇచ్చి పిల్లలతో బయటికి పంపండి. ఆడపిల్లలకు వేరుగా కొన్ని రోజులు గ్రౌండ్ వదలండి.

మొన్న మర్రిగూడ వైపు ఒక ఊళ్లో బడి గోడ పక్కన అరుగు మీద ఒక తాత కనిపించాడు. రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర వంగిపోయి ఉన్నాయి, చేతిలో కర్ర. లోపల పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. కూత ఆగకుండా అవతలి గీత దాకా పోయి వచ్చిన పిల్లగాన్ని చూపించి, "మావోడే, నా మనుమడు" అన్నాడు. రోజూ వస్తావా తాతా అని అడిగాను. "ఈ యేడంత వస్తున్న. వచ్చే యేడు పదికి పోతడు, ఆడనియ్యరంట గదా" అన్నాడు.