మహారాజశ్రీ నిమ్మకాయ గారికి

మహారాజశ్రీ నిమ్మకాయ గారి దివ్య సముఖమునకు,

సిరోంచ నుంచి ఒక మేజిక్ మాస్టారు రాయునది. ఇక్కడ ప్రాణహిత, గోదావరి, నేను క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. కొత్త బండి టైరు కింద మీరే, లారీ బంపరుకు మీరే, కొట్టు గుమ్మానికి మిరపకాయల సరసన మీరే, పెద్దమనుషుల కోరమీసాల మీద నిలబడేదీ మీరే. ఒక్క పోస్టు భర్తీ కావడానికే ఏళ్లు పట్టే ఈ మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఇన్ని పోస్టులు ఒంటిచేత్తో నడుపుతున్నది మీరొక్కరే.

నా ఫిర్యాదల్లా ఒకటే. మీరు నా దగ్గర పనిచేస్తూనే నా పోటీదారు దగ్గర కూడా చేస్తున్నారు.

నా దగ్గర మీది మర్యాదైన పని. ముందు వరసలో కూర్చున్న సర్పంచ్ గారి దగ్గర నూరు రూపాయల నోటు తీసుకుంటాను. నంబరు రాయించి నోటు మాయం చేస్తాను. మిమ్మల్ని కోస్తే కడుపులోంచి అదే నంబరు నోటు తడిసి బయటికొస్తుంది. ఎట్లా వచ్చిందో చెప్పను, అది నా పొట్టకూడు. కానీ ఇది చేతి చలాకీ, నాకు ఏ శక్తీ లేదు అని ప్రతి ఆటలోనూ మైకు పట్టుకుని చెబుతాను. జనం చప్పట్లు కొడతారు. సామాను సర్దుకునే వేళకు ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి చెవిలో అడుగుతారు: "సారూ, మా కోడలికి గాలి సోకింది. తాయెత్తు కడతరా?"

అదే మీరు ఆ పోటీదారు, మా ఊరి మంత్రాల బాబా చేతిలో పడితే కథే వేరు. అక్కడ మీ కడుపులోంచి నెత్తురొస్తుంది, నోట్లు జనం జేబుల్లోంచి వస్తాయి. చేతబడి బయటపడిందంటాడు. ముందు కోడి, తర్వాత మేక. ఆఖర్న ఒక పేరు చెబుతాడు. ఆ పేరు ఎప్పుడూ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలిదానిదే. అంతదాకా నవ్వుతూ చూసే నాకు అక్కడ నవ్వు ఆగిపోతుంది. పేరు బయటికొచ్చాక ఆ రాత్రి ఆ ఇంటి మీద ఏం పడుతుందో మీకు తెలియంది కాదు.

ఆ నెత్తురు మీది కాదని మనిద్దరికీ తెలుసు. ఎర్ర మందార రేకలు కత్తికి గట్టిగా రుద్ది ఆరబెడితే చాలు. కాస్త మరక కనబడినా తుప్పనుకుంటారు. మీ పులుపు తగిలిన క్షణం ఎరుపెక్కుతుంది. పట్నం సరుకు దొరికినవాడు మిథైల్ ఆరెంజ్ అనే రసాయనం పూస్తాడు, అదీ అంతే. ఇంకా తెలివైనవాడు కత్తికి ఫెర్రిక్ క్లోరైడ్ పూసి, మీ కడుపులోకి సూదితో పొటాషియం థయోసయనేట్ ఎక్కిస్తాడు. రెండూ కలిసి పుట్టే ఆ ఎరుపు చూస్తే వృత్తిలో ఉన్న నాకే అసూయ పుడుతుంది, అచ్చం నెత్తురు. ఇక దిష్టి నీళ్లు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే ఆ నీళ్లలోనే మిమ్మల్ని పిండితే మళ్లీ పసుపుపచ్చగా మారతాయి. దోషం పోయిందంటాడు బాబా. నెత్తురు కక్కేదీ మీరే, కడిగేదీ మీరే, రెండు కూలీలూ ఆయనకే.

మహారాష్ట్రలో దీనికి కాయదా, అంటే చట్టం, ఉందండీ. జాదూటోణా (చేతబడి) కాయదా అంటారిక్కడ. దానికోసం ఏళ్ల తరబడి తిరిగిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో పొద్దున నడకకు వెళ్తుంటే కాల్చి చంపారు. అన్నేళ్లూ అటకెక్కి ఉన్న ముసాయిదా వారం తిరక్కుండానే ఆర్డినెన్స్ అయి కూర్చుంది, ఏడాది చివరికి చట్టమైంది. ఫైలు కదిలించే మంత్రం మన దేశంలో అదొక్కటే ఉన్నట్టుంది. దొంగ మహిమలు చూపి జనాన్ని మోసగించినా, పాము కరిచినవాణ్ణి దవాఖానాకు పోనీయకుండా మంత్రం వేసినా ఆర్నెల్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 5,000 నుంచి 50,000 దాకా జరిమానా. మీ మీద మాత్రం ఈగ వాలదు. సాక్ష్యంగా సీలు వేసి ఠాణాలో పెడితే కేసు విచారణకు వచ్చేలోపు ఎండి గవ్వంత అవుతారు.

అబ్రహాం కోవూర్ గారని కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన హేతువాది, పెద్దాయన ఉండేవారు. మహిమ ఉందని రుజువు చేసినవాళ్లకు లక్ష రూపాయలిస్తానని 1963లో పందెం కాశారు. సీలు వేసిన కవరులోని నోటు నంబరు చదివి చెప్పినా చాలన్నారు. 1978లో ఆయన పోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలవలేదు. సర్పంచ్ నోటును మీ కడుపులోంచి తీసే నేను ఆ కాలంలో ఉండి ఉంటే గెలిచేవాణ్ణా? చచ్చినా గెలవను. నా ఆటలో కవరు నాది, కాయ నాది, కత్తి నాది. ఆయన పందెంలో సీలు వేసేది ఆయన. నా విద్య మొత్తం ఆ తేడాలోనే ఉంది, బాబా విద్య కూడా.

ఇది తెలియక కాదు, బడిపిల్లల ముందు మందారం గుట్టు విప్పాను. బాబా కూడా వచ్చి వెనక బెంచీలో బుద్ధిగా కూర్చున్నాడు. ఆ తర్వాత తన గద్దె మీద ఏమన్నాడో విన్నారుగా: "మేజిక్ సారు కత్తికి పువ్వు రాస్తడు. ఇగో నా కత్తి, మీరే కడగండ్రి." కడిగారు. కోశాడు. ఎర్రగానే కారింది, ఎందుకంటే ఈసారి రంగు సూదితో మీలోకే ఎక్కింది. నా ఆట ఆయనకు అడ్వర్టైజ్‌మెంట్ అయింది. "మీది ట్రిక్కు సారూ, ఆయనది అసలుది" అని నాకే నచ్చజెప్పారు. మీరేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. నీరే ఎత్తిందో, రంగెత్తిందో!

అందుకని ఇప్పుడు గుట్లు విప్పడం తగ్గించాను. ఒక గుట్టు విప్పితే ఆయన ఇంకోటి కడతాడు. పిల్లలకు ఒక్క ప్రశ్న మాత్రం నేర్పిస్తున్నాను: కాయ ఎవరిది, కత్తి ఎవరిది?

దాన్ని మొదట వాడింది ఎనిమిదో తరగతి పిల్ల. బాబా నోట రాబోయే పేరు వాళ్ల నానమ్మదని వాడంతా గుసగుసలు. ఆ పిల్ల పెరటి చెట్టు నుంచి మిమ్మల్ని కోసుకుని, వంటింటి కత్తిపీట చంకన పెట్టుకుని అందరి ముందూ గద్దె దగ్గరికి పోయింది. "దీన్ని కోయి తాతా, దీని మీద" అంది.

ఇంటి కాయకు శక్తి ఎక్కదన్నాడు. కత్తిపీటకు అంటు అన్నాడు. పైగా ఇయ్యాల మంగళవారం, నిమ్మకాయ కోయరాదన్నాడు.

"పోయిన మంగళారమే కోసినవ్ గద?" అన్నారెవరో గుంపులోంచి.

ఆ పిల్లే కోసింది. మీరు ఎప్పటిలాగే పుల్లగా, తెల్లగా కారారు. ఆ పూట ఏ పేరూ బయటికి రాలేదు. నానమ్మ పొయ్యి మీది పని చూసుకోవడానికి లేచి పోయింది. బాబా అమావాస్య తర్వాత చూద్దామన్నాడు. జనం మేకను వాపసు అడిగారు గానీ, అది అప్పటికే కూరైపోయింది.

ఇట్లు,
తమ తక్కువ జీతపు యజమాని