సెకండ్ హ్యాండ్ కారు బేరంలో పాటించవలసిన మర్యాదలు

పాత కార్లు కొనేవాళ్లలో ఈమధ్య మర్యాద బొత్తిగా తగ్గిపోయింది. వచ్చామా, మెరుపు చూసి మెచ్చుకున్నామా, అడ్వాన్సు చేతిలో పెట్టి వెళ్లామా అన్నట్టు ఉండరు. బానెట్ ఎత్తమంటారు, నేలకు వంగి కింద తొంగి చూస్తారు, కొందరైతే జేబులోంచి అయస్కాంతం కూడా తీస్తారు. అమ్మేవారి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఒక్కరికీ పట్టదు. సిటీలో తిరగడానికి చవకలో చిన్న కారు కావాలనుకునేవారు ఇకనైనా పద్ధతి నేర్చుకోవాలి.

అన్నిటికంటే ముందు, చెప్పిన టైముకంటే అరగంట ముందు ఊడిపడకూడదు. మీరు వెళ్లేసరికి ఇంజన్ వెచ్చగా ఉంటుంది. ‘మీరొస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచా’ అంటారు. ఎంత ఆదరం! బానెట్ మీద చెయ్యి ఆనించి ‘చల్లారాక మళ్లీ వస్తా’ననేవాళ్లకు ఈ ఆదరం అర్థం కాదు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌కి నోరు అదుపులో ఉండదు. వాల్వ్ సీల్స్ అరిగి ఉంటే లోపలికి జారిన ఆయిల్ తొలి స్టార్టులో నీలం పొగగా బయటపడుతుంది. టైమింగ్ చైన్ సాగి ఉంటే మొదటి రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. బ్యాటరీ చివరి దశలో ఉంటే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. కాస్త వేడెక్కితే ఇవన్నీ సర్దుకుంటాయి. వెచ్చబెట్టడంలోని పరమార్థం అదే.

ఆయిల్ పోసే మూత తిప్పి చూడటం మరీ మోటుతనం. మూత అడుగున తెల్లటి జిడ్డు నురగ కనిపిస్తే ‘హెడ్ గాస్కెట్ పోయిందా’ (ఆయిల్‌లో కూలెంట్ కలవకుండా ఆపే సీలు అది) అని అరిచేవాళ్లున్నారు. నిజానికి రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఇంజన్ పూర్తిగా వేడెక్కక, లోపలి తేమ ఆవిరైపోక, పలచగా అలాంటి పొర పట్టవచ్చు. ఆ సందేహ లాభం అమ్మేవారికే ఇచ్చి ఊరుకోవాలి. అంతేగానీ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ పాలరంగుకు తిరిగిందా అనీ, కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు తేలుతోందా అనీ దర్యాప్తు చేయకూడదు. చేస్తే అసలు సంగతి తేలిపోతుంది. (వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయకండి. ఇది వెటకారం కాదు, మొహం కాలుతుంది.)

మీటరు సంగతికి వద్దాం. పదేళ్ల కారు, 32,000 కిలోమీటర్లు. ‘ఎప్పుడో ఒకసారి తీసేవాళ్లం’ అన్నాక నమ్మాలి. బ్రేక్ పెడల్ రబ్బరు గీతలు చెరిగి నున్నగా ఎందుకైందో, స్టీరింగ్ పైభాగం అద్దంలా ఎందుకు మెరుస్తోందో, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు ఎందుకు నలిగి కుంగిందో అడిగితే ఎదుటివారు ఇబ్బంది పడతారు. అంత పాత కారులో పెడల్ రబ్బర్లు మాత్రమే కొత్తగా ఉంటే ఇంకా గౌరవంగా మౌనం పాటించాలి.

తాళం తిప్పగానే చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలిగి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ‘బండిలో ఏ లోపమూ లేదు కాబట్టే వెలగలేదు’ అని సంతోషించేవారే ఉత్తమ గ్రాహకులు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్లు చదివే పరికరం) తెచ్చి డాష్‌బోర్డు కింద గుచ్చేవారు అధములు. ఎర్రర్ కోడ్లు నిన్ననే చెరిపేసి ఉంటే, కారు తన స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని ఆ స్కానర్ చాడీలు చెబుతుంది.

ఇక క్లచ్. సిటీ కారుకి ప్రాణమంతా ఇక్కడే ఉంటుంది కనుక ఇక్కడే ఎక్కువ మర్యాద అవసరం. సిగ్నల్ దగ్గర గేరులోనే ఉంచి పెడల్ తొక్కి పట్టడం, ఫ్లైఓవర్ ఎక్కుతూ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం, ఊరికే నడుస్తున్నప్పుడు కూడా ఎడమ పాదాన్ని పెడల్ మీదే పడుకోబెట్టడం. పాత ఓనరు ఇలా ఏళ్లతరబడి శ్రద్ధగా అరగదీసిన ప్లేటును అనుమానించడం తగదు. మూడో గేరులో నలభై స్పీడున వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కితే, ఇంజన్ హోరు పెరిగి స్పీడు మాత్రం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. పెడల్ దాదాపు పూర్తిగా వదిలాకగానీ బండి కదలకపోయినా అనుమానించాల్సిందే. పెడల్ తొక్కినప్పుడే గుర్రుమనే శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్, వదిలినప్పుడు వచ్చి తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ బేరింగ్. విడిభాగం ఖర్చు ఒక ఎత్తయితే, దాన్ని వేయడానికి గేర్‌బాక్స్ దించే కూలి ఇంకో ఎత్తు. ఇంత తెలిసిన మనిషి టెస్ట్ డ్రైవ్‌లో పాటలు పెట్టుకుని స్పీకర్లు మెచ్చుకోలేడు. అందుకే తెలుసుకోకపోవడమే మంచిది. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే చక్రాల దగ్గర టకటకమనే సీవీ జాయింటు (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు) విషయం కూడా అంతే.

ఏసీ చల్లగా రాకపోతే ‘గ్యాస్ ఒక్కటి కొట్టిస్తే చాలు’ అంటారు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, ఎక్కడో లీకైతేనే తగ్గుతుంది. అది కండెన్సరా, కంప్రెసర్ సీలా అని ఆరా తీయకండి. అంత చిన్న పనైతే మీరే కొట్టించి అమ్మొచ్చు కదా అని అసలే అడగొద్దు. ఏసీ వేసి పావుగంట కదలకుండా నిలబెట్టి, ఫ్యాన్ తిరుగుతోందా, టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోందా అని చూడటం కూడా నిషిద్ధం. ట్రాఫిక్‌లో జరిగేది అదే అనుకోండి.

కారులోకి తల పెట్టగానే అత్తరు అంగడిలా గుబాళిస్తే ఆస్వాదించండి. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార, స్టెప్నీ ఎత్తితే దాని గుంటలో ఒండ్రు మన్ను, సీటు బోల్టులకు తుప్పు. వరదలో మునిగిన కారు ఎంత కడిగినా ఈ మూడు చోట్లా చెయ్యి సరిగా తిరగదు. ఆ చోట్లు చూడటం పరుల రహస్యాల్లో వేలు పెట్టడమే. అయస్కాంతం అంటుకోని చోట లప్పం ఉంటుందన్నది సగం నిజం. కొన్ని కార్లకు ఆ భాగమే ప్లాస్టిక్. కానీ ఒక తలుపుకి అంటుకుని పక్క తలుపుకి అంటుకోకపోతే, మీ అయస్కాంతాన్నే తప్పుబట్టండి.

టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. కారు వయసుకీ వాటికీ పొంతన కుదరకపోయినా లెక్కలు వేయొద్దు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనైతే ‘మార్పించాం’ అన్న మాట చాలు, రసీదెందుకు? తెగిన రోజున చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి, ఆ రోజు చూసుకోవచ్చు. రోజూ ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు తిరగడానికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ కారు కొంటానంటే అడ్డు చెప్పేదేమీ లేదు. మసి కాల్చుకోవడానికి దానికి కొంతసేపు ఆగకుండా పరుగు కావాలి, సిటీ ఆ పరుగు ఇవ్వదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. మెకానిక్కులూ బతకాలి కదా.

తెలిసిన మెకానిక్‌ని తెచ్చి లిఫ్ట్ మీద చూపిస్తానని అనాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ‘సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది’ అంటారు. ఆ పార్టీని ఇంతవరకు ఎవరూ చూడలేదు, అయినా అది వచ్చేలోపు డబ్బు కట్టేయాలి. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, బెల్టుల కోసం కొంత సొమ్ము పక్కన పెట్టుకునే పిసినారితనం వద్దు, ఉన్నదంతా బేరంలోనే పోసేయాలి. కాగితాల్లో ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు కలిపి చూడటం, లోను తీరిందా అని అడగటం లాంటివి శత్రుత్వం ఉన్నచోట చేస్తారు.

రెండో తాళంచెవి మాత్రం ఇప్పుడు ఇవ్వలేరు. ఇంట్లోనే ఎక్కడో పెట్టారట. చిప్ ఉన్న తాళంచెవి కొత్తది చేయించాలంటే కోడింగ్‌తో కలిపి బాగానే అవుతుందని మీరంటే, దొరకగానే ఫోన్ చేస్తామంటారు. మీ నంబరు ఇంకోసారి చెప్పి రండి.