ఏడే కథలంట! మరి ఏడు చేపల కథ ఎందుల పడ్తది?

మొన్న మా ఫ్యామిలీ గ్రూపుల మా బావ ఒక వీడియో పెట్టిండు. అప్పటికే అది నాకు ఇంకో రెండు గ్రూపుల నుంచి వచ్చింది, మీకూ వచ్చే ఉంటది. అందుల మాట్లాడేటాయన చెప్పేది ఏందంటే, ప్రపంచం మొత్తం మీద ఉన్నవి ఏడే కథలు, మన జానపద కథలన్నీ 'హీరో ఊరు దాటి పోయి రాక్షసున్ని చంపి రాకుమారిని తెచ్చుకునుడు' అనే ఒక్క ఫార్ములానే, ఫ్లాష్‌బ్యాక్, ట్విస్టు, కథలో కథ ఇవన్నీ హాలీవుడ్ నేర్పింది, మన పాత కథలకు వచ్చింది చివర్ల నీతి చెప్పుడొక్కటే. బావ కింద 'సూపర్ నాలెడ్జ్' అని రాసి రెండు దండాలు కూడా పెట్టిండు. గ్రూపుల గొడవెందుకని అక్కడ ఏం అనలే, ఇక్కడ రాస్తున్న.

మొదలు ఆ ఏడు సంగతి. ఇదేం వేదవాక్కు కాదు, క్రిస్టొఫర్ బుకర్ అనే బ్రిటిష్ జర్నలిస్టు 2004ల తెచ్చిన పుస్తకంల లెక్క. రాక్షసున్ని గెలుచుడు, పేదోడు గొప్పోడగుడు, దేనికోసమో వెతుక్కుంట పోవుడు, పోయి తిరిగొచ్చుడు, కామెడీ, ట్రాజెడీ, మనిషి మారి మళ్ల పుట్టినట్టగుడు, ఇవీ ఆ ఏడు. తమాషా ఏందంటే అదే పుస్తకంల ముందుకు పోయినంక ఆయనే ఇంకో రెండు రకాలు కలిపిండు, మిస్టరీ కథ ఒకటి, అన్నిటినీ చేతుల పెట్టుకున్న శక్తి మీద తిరుగుబాటు ఒకటి. వీడియోల ఆ రెండూ ఎగిరిపోయినయి, తొమ్మిది అంటే ఏడు అన్నంత బాగ వినబడదు గదా.

సరిగ్గ అదే 2004ల హాన్స్ యోర్గ్ ఊథర్ అనే జర్మన్ పండితుడు జానపద కథల కేటలాగు మూడు సంపుటాలుగ తెచ్చిండు. ఫిన్లాండుల ఆంటీ ఆర్నె 1910ల మొదలుపెట్టిన పని అది, తర్వాత అమెరికాల స్టిత్ థాంప్సన్ పెంచిండు, ఊథర్ మళ్ల సరిచేసిండు. దాంట్ల కథల రకాలు రెండు వేల పైన ఉన్నయి, ఒక్కో రకానికి ఒక్కో నంబరు. దేశాలు దాటి ఒక్క తీరు కథలు దొరుకుతయన్నది నిజమే, చెప్పు జారిపోయిన సవతి బిడ్డ కథ తొమ్మిదో శతాబ్దంల చైనాల కూడా రాసి ఉంది. ఆ పోలికలు చూసుకోనికే ఆ నంబర్లు. లైబ్రరీల పుస్తకానికి అంటించిన చీటీ లాంటివి అవి, చీటీ చూసి పుస్తకం చదివిన అంటే ఎట్ల?

ఇగ ఏడు చేపల కథ తీసుకోండి, తెలుగుల ఇది తెలియని పిల్ల ఉండదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చిండ్రు, ఒకటి ఎండలే. చేపా చేపా ఎందుకెండలే అంటే గడ్డిమోపు మీదికి పోతది, గడ్డిమోపు ఆవు మీదికి, ఆవు పాలేరు మీదికి, పాలేరు అవ్వ మీదికి, అవ్వ పిల్లోని మీదికి, పిల్లోడు చీమ మీదికి. చీమ ఏమంటది, నా బంగారి పుట్టల వేలు పెడ్తే కుట్టనా అంటది. అయిపాయె. ఆ ఏడు డబ్బాల్ల ఇది ఏ డబ్బా? హీరో ఎవరు, చీమనా? ఆ కేటలాగుల అయితే ఇట్లాంటి గొలుసు కథలకు 2000 నుంచి 2100 దాకా నంబర్లు విడిగ పెట్టిండ్రు.

రెండోది ఆ హీరో ఫార్ములా. ఇది జోసెఫ్ క్యాంబెల్ అనే అమెరికా పండితుడు 1949ల రాసింది, ఆయన పదిహేడు మెట్లు చెప్పిండు. 1980లల్ల క్రిస్టొఫర్ వోగ్లర్ అనే హాలీవుడ్ మనిషి స్టూడియోల పనిచేసుకుంట దాన్ని ఏడు పేజీల నోట్సు చేసిండు, మెట్లు పన్నెండుకు దిగినయి. సినిమా వాళ్ల చేతికి వచ్చింది ఎక్కువ ఈ పన్నెండే. నేను కృష్ణానగర్ల కథల సిట్టింగులకు కొన్నేండ్లు తిరిగిన, ఒక డైరెక్టర్ నా వన్ లైన్ విని 'మీ హీరోకి పిలుపు ఏ సీన్ల వస్తది' అని అడిగిండు (హీరోను ఇల్లు వదిలి బయల్దేరమనే పిలుపు ఆ మెట్లల్ల ఒకటి), నా కథల ఉన్నది ఒక ముసలామె, ఇల్లు దాటి ఎక్కడికీ పోదు. ఆ సిట్టింగు చాయ్‌తోనే అయిపోయింది.

సమ్మక్క సారక్క కథను ఆ పన్నెండు మెట్లెక్కించి చూపెట్టమనండి. కరువుల కప్పం కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం మీదికొస్తది. సమ్మక్క పెనిమిటి పగిడిద్ద రాజు యుద్ధంల చచ్చిపోతడు, బిడ్డ సారక్క చచ్చిపోతది, కొడుకు జంపన్న సంపెంగ వాగుల పడి పానం తీసుకుంటడు, ఆ వాగుకే ఆయన పేరు వచ్చింది. దెబ్బ తగిలిన సమ్మక్క చిలకలగుట్ట దిక్కు నడుచుకుంట పోయి మాయమైతది, వెతికినోళ్లకు దొరికింది కుంకుమ భరిణె. గెలుపు లేదు, తిరిగి ఇంటికి వచ్చుడు లేదు, అయినా రెండేండ్లకొకసారి మేడారంల జనం ఎట్ల కదులుతరో చూసిండ్రు గదా.

ఆడోళ్లు చెప్పే కథలైతే అసలు ఆ దారిలనే నడవయి. మా నానమ్మ చెప్పిన కథల్ల సగం పెండ్లితోనే మొదలయ్యేవి, కష్టాలన్నీ అత్తగారింట్లనే. ఏ.కె. రామానుజన్ అనే జానపద కథల పండితుడు కన్నడ స్త్రీల కథల గురించి కూడా ఇదే గమనించిండు, మగ హీరో కథ పెండ్లితోని అయిపోతే ఆడామె కథకు పెండ్లే మొదలు అని.

మూడో ముచ్చట, ఫ్లాష్‌బ్యాకులు బయటి నుంచి వచ్చినయన్నది. ఇది విన్నప్పుడు మాత్రం నాకు నిజంగనే కోపం వచ్చింది. భారతంల భీష్మ పర్వం చూడండి, సంజయుడు ఉరికొచ్చి భీష్ముడు పడిపోయిండని ముందే చెప్పేస్తడు, ఆ తర్వాత పది రోజుల యుద్ధం వెనక్కి పోయి చెప్తడు. అసలు భారతం మొత్తమే గెలిచినోళ్ల మునిమనుమడు కూసొని వింటున్న కథ, ఎవరు గెలుస్తరో ముందే తెలుసు, అయినా వదలబుద్ధి కాదు.

బేతాళుడి కథలు ఇరవై అయిదు, దాదాపు ప్రతిదీ ప్రశ్నతోని ఆగుతది, రాజు నోరు తెరవంగనే శవం మళ్ల చెట్టెక్కుతది. చివరి కథల ఒక తండ్రీ కొడుకులకు వేరే తల్లీ బిడ్డలు దొరుకుతరు, తండ్రేమో ఆ బిడ్డను, కొడుకేమో ఆ తల్లిని చేసుకుంటరు, వాళ్ల పిల్లలు ఒకరికొకరు ఏమైతరు అని అడుగుతది, రాజు దగ్గర జవాబు లేదు, మొదటిసారి నోరు మూసుకుంటడు. అప్పుడు బేతాళుడు చెప్తడు, నన్ను తెమ్మని నిన్ను పంపినోడే నిన్ను బలి ఇద్దామని చూస్తున్నడు అని. ఇది ట్విస్టు కాకపోతే మరి ట్విస్టంటే ఏంది?

దండి సంస్కృతంల రాసిన దశకుమార చరిత్రల అయితే ఒక్కొక్కడు వచ్చి ఎవని కథ వాడే చెప్తడు. అండ్ల మంత్రగుప్తుడని ఒకడున్నడు, ప్రియురాలు కొరికితే పెదవులు పుండై ఉంటయి, అందుకని పెదవులు తగిలే ప, బ, మ లాంటి అక్షరాలు ఒక్కటి కూడా రాకుండ కథంతా చెప్తడు. అంటే పాత్ర పెదవికి తగిలిన గాయం కథ చెప్పే భాషల కనబడ్తది. దీన్ని పదమూడో శతాబ్దంలనే కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చిండు. పదహారో శతాబ్దంల పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం కావ్యం ఇంకో లెవెల్, కాలం ముందుకెనకకు పోతది, పేపర్ మీద గీత గీసుకోకుండ ఫాలో కావుడు కష్టం (నేను గీసుకున్న, రెండు సార్లు).

పుస్తకాలు వదిలేయండి, ఎప్పుడైనా ఒగ్గు కథ కూసొని వినండి. డోలు మోగుతుంటది, ఇప్పటిదాక కథ చెప్పుకుంట ఉన్నాయన మాట మధ్యల మల్లన్న అయిపోతడు, మళ్ల మనిషై మనతోని మాట్లాడతడు. బుర్రకథల కథ చెప్పేటాయన పక్కన ఇద్దరు వంతలుంటరు, ఒకాయన నవ్విస్తడు, రాజకీయ వంత ఇప్పటి ముచ్చట్లు కథల దూరుస్తడు. చేర్యాల నకాషీ పటం, అంటే గుడ్డ మీద బొమ్మలేసిన చుట్ట, విప్పుకుంట బొమ్మ తర్వాత బొమ్మ చూపెట్టి కథ చెప్పుడు చూస్తే మన డైరెక్టర్ల స్టోరీబోర్డు యాదికొస్తది.

నీతి సంగతి పెద్దగ చెప్పేదేం లేదు. నీతి చివర్ల చెప్పేవి ఉన్నయి, కాదనను, కానీ బొబ్బిలి కథ చివర్ల కోటల దాదాపు అందరూ చచ్చిపోతరు, దాంట్ల నీతి ఏం పెడ్తరు? మా నానమ్మ కథ అయిపోయినంక అనే మాట ఒక్కటే, కథ కంచికి మనం ఇంటికి. ఇంక పండుకో అని అర్థం.

ఇది టైపు చేస్తుండంగనే బావ గ్రూపుల ఇంకో వీడియో పెట్టిండు, ఈసారి ప్రపంచంల ఉన్నవి ముప్పై ఆరు సన్నివేశాలే అంట. అది జార్జెస్ పోల్టి అనే ఫ్రెంచ్ రచయిత 1895ల వేసిన లెక్క. ఏడు ఎట్లా ముప్పై ఆరు అయినయి బావా అని ఒక్క లైన్ పెట్టిన, బ్లూ టిక్కులు పడ్డయి, జవాబు ఇంకా రాలే.